రస్కులో తీగ ముక్క

లా కోర్సు రెండో ఏట మా సారు నాకిచ్చిన అసైన్‌మెంటు పేరు వినగానే ఉత్సాహం చచ్చిపోయింది. సురక్షితం కాని ఆహారం, తయారీదారుల బాధ్యత. పక్క బెంచీ అమ్మాయికి పరువునష్టం వచ్చింది, వెనక కూర్చున్నతనికి డాక్టర్ల నిర్లక్ష్యం వచ్చింది. వాటిల్లో మనుషులుంటారు, కథలుంటాయి. నాకొచ్చినదాంట్లో నూనె డబ్బాలు, బిస్కెట్ పొట్లాలు తప్ప ఏముంటాయనుకున్నాను.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. నెలలో బందులు ఎక్కువ, తరగతులు తక్కువ. శంషాబాద్ పక్కనున్న మా ఊరి నుంచి కాలేజీకి పోవాలంటే ఆరాంఘర్ దగ్గర బస్సు మారాలి. బందు రోజున మారడానికి బస్సే ఉండదు. అట్లాంటి ఒక రోజున, చేసే పనేమీ లేక, లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి పుస్తకం తెరిచాను. కొన్ని పేజీలు తిప్పగానే అందులో ఒక నత్త కనిపించింది.

మా తాతలు పుట్టకముందు ఎప్పుడో, స్కాట్లాండ్‌లోని ఒక చిన్న పట్నంలో జరిగిన సంగతి అది. ఒకామె స్నేహితురాలితో కలిసి హోటలుకు పోయింది. డబ్బులిచ్చింది స్నేహితురాలే. ఐస్‌క్రీం తెప్పించుకున్నారు, దానిమీద పోసుకోవడానికి అల్లం సోడా. సీసా ముదురు రంగు గాజుది, లోపలేముందో కనబడదు. కొంత తాగాక మిగిలింది వంపితే, సోడాతో పాటు కుళ్లిన నత్త జారిపడిందట. ఆమె జబ్బుపడింది. హోటలువాడి మీద దావా వేద్దామంటే ఆమె అతని దగ్గర ఏమీ కొనలేదు, కొన్నది స్నేహితురాలు. సోడా చేసినవాడికీ ఆమెకూ మధ్య ఏ ఒప్పందమూ లేదు. అయినా ఆమె ఊరుకోలేదు. చివరికి అక్కడి పెద్ద కోర్టు, మూత బిగించి పంపిన సీసాను తాగేవాళ్లు మధ్యలో విప్పి చూడలేరు కాబట్టి జాగ్రత్తపడాల్సింది తయారుచేసినవాడేనని తేల్చింది. అదీ ఏకగ్రీవంగా కాదు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఇటు, ఇద్దరు అటు.

చదవడం ఆపి కిటికీలోంచి చూశాను. బ్రెడ్డు కొన్న నాకూ, దాన్ని కాల్చిన ఎవరో మనిషికీ మధ్య సంబంధం ఉందని తేల్చడానికి ఒక నత్త చావాల్సివచ్చిందా అనిపించింది. ఈ మాట ఎవరికైనా చెప్పకపోతే ఆ పూట గడిచేలా లేదు. గోడ అవతలి ఇంటికి పోయి చిన్నమ్మకు చెప్పాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. విమానాశ్రయంలో నేలలు తుడిచే కాంట్రాక్టు పని చేసేది. చిన్నాయన ట్రాక్టర్ నడిపేవాడు, పిల్లలు బడికి పోయేవాళ్లు. ఏడో తరగతితో ఆమె చదువు ఆగింది గాని ప్రశ్నలు ఆగలేదు. ప్రయాణికుల బట్టలు, పెట్టెలు చూసి ఎవరు ఏ దేశం పోతున్నారో ఊహించడం ఆమెకు పనిలో సరదా. ఊహించి ఊరుకోదు, దగ్గరికి పోయి అడుగుతుంది. అట్లా అడిగినందుకు సూపర్‌వైజర్ ఒకసారి మందలించాడు కూడా. ఊహ తప్పయితే బాధపడేది కాదు. ఇంటికొచ్చి, "నేను దుబాయ్ అనుకున్న, గాయన బొంబాయికి పోతున్నడంట" అని నవ్వుతూ చెప్పేది.

ఆ రోజు ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నత్త కథంతా విని, చేతిలో పని ఆపింది.

"ఐస్‌క్రీం మీద సోడా పోసుకుంటరా ఎవలన్న?"

"వాళ్ల దిక్కు పోసుకుంటరేమో చిన్నమ్మా."

"నత్త బతికున్నదా, సచ్చినదా?"

"కుళ్లిపోయి ఉన్నదంట."

"ఆ దోస్తుకు ఈమె మీద కోపమేమన్న ఉన్నదా?"

"ఎందుకు?"

"కొన్నది ఆమెనే గదా. పోసింది గూడ ఆమెనే కావచ్చు. నత్తను కొంగుల తెచ్చి ఏసిందేమో. జడ్జీలు గది అడగలేదా?"

అడగలేదనుకుంటా అన్నాను. ఆమెకు నచ్చలేదు. తర్వాత నాలుగైదు రోజులు, గోడ మీదుగా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. ఆ హోటలాయన ఏమన్నడు? సోడా చేసినాయన ఊరు ఎంత దూరం? ఆమె మల్ల సోడా తాగిందా? నాకు తెలియనివి పుస్తకంలో వెతికేదాన్ని. అసైన్‌మెంటుకు అక్కరలేనివి కూడా అట్లా నాకు తెలిశాయి.

వారం తిరగకముందే ఒక సాయంత్రం చిన్నమ్మ స్టాఫ్ బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. ఒక దవడ వాచి ఉంది. చేతిలో దూది ఉండ. దాన్ని విప్పి నా ముందు పెట్టింది. అందులో చిటికెన వేలి గోరంత పొడుగున సన్నని ఇనుప తీగ ముక్క ఉంది.

నోరు సరిగా తెరుచుకోక, ఒక్క మాటే అంది. "నత్త."

జరిగిందేమిటో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. చాయ్ తాగే వేళ, ఆమెతో పనిచేసే అక్క ఒకామె రస్కుల పొట్లం విప్పి అందరికీ పంచింది. చిన్నమ్మ రస్కు చాయ్‌లో ముంచుకుని కొరికేసరికి కింది చిగురులో ఏదో దిగింది. వేలితో తీద్దామంటే ఇంకా లోపలికి పోయింది. శంషాబాద్ దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చిమటాతో లాగి, సూది వేసి, చీటీ మీద మందులు రాసిచ్చాడు. తీగను పారేయబోతుంటే చిన్నమ్మే అడిగి దూదిలో పెట్టించుకుందట.

అమ్మ నన్ను కోప్పడింది. "నువ్వు రోజూ నత్త నత్త అనుకుంట కూసున్నవ్. చూడు, ఏమైందో." నిజం చెప్పాలంటే చిన్నమ్మ వాచిన మొహం చూసి జాలేసింది, తీగను చూసి ఒళ్లు పులకరించింది. రెండూ ఒకేసారి జరిగాయి.

మర్నాడు ఆ రస్కులిచ్చిన అక్క వచ్చింది. గడప దగ్గరే నిలబడిపోయింది. "నేనే ఇచ్చిన గదా అక్కా, నా చేతులతోనే ఇచ్చిన" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చిన్నమ్మ మాట్లాడలేక చేత్తో కూర్చోమని సైగ చేసింది. నేను ఆమెను ఓదార్చాల్సింది పోయి, చదివిన ముక్క చెప్పాను. వినియోగదారుల చట్టం ప్రకారం సరుకు కొన్నవాళ్లే కాదు, వాళ్ల ఒప్పుదలతో వాడుకున్నవాళ్లు కూడా వినియోగదారులే. నువ్వు నీ చేత్తో ఇచ్చావు కాబట్టి చిన్నమ్మకు అడిగే హక్కు వచ్చింది అన్నాను.

ఆమె బిత్తరపోయింది. "అంటే నేనిచ్చుడు మంచిదే అయిందా?"

చిన్నమ్మకు నవ్వొచ్చి దవడ పట్టుకుంది.

మిగిలిన పొట్లం ఆ అక్క తెచ్చింది. పారదర్శకమైన కవరు, పైన స్టేప్లర్ పిన్నులు కొట్టి ఉన్నాయి. పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. ఆ తీగ పిన్ను ముక్కే అయివుంటుందని అందరం అనుకున్నాం. ఒక పిన్ను పీకి పక్కన పెట్టి చూశాను. పిన్ను చదునుగా ఉంది, తీగ గుండ్రంగా ఉంది. పైగా తీగకు ఒక కొస అరిగి వంగింది. అది కవరు దగ్గరిది కాదు.

చిన్నమ్మకు నోరు మానేదాకా ఆ ఇల్లు ఇల్లులా లేదు. మాట్లాడని చిన్నమ్మను నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజుల్లోనే పుస్తకంలో నత్త కథ చివరిదాకా చదివాను. చదివి నమ్మలేక రెండోసారి చదివాను. పెద్ద కోర్టు చెప్పింది ఒక్కటే. ఆమె చెప్పింది నిజమైతే తయారీదారుకు బాధ్యత ఉంటుంది అని. నిజమో కాదో విచారించమని కేసును వెనక్కి పంపింది. ఈలోగా సోడా చేసినతను చనిపోయాడు, మిగిలినవాళ్లు రాజీపడ్డారు. విచారణ జరగనే లేదు. సీసాలో నత్త ఉందని ఏ కోర్టులోనూ ఎవరూ రుజువు చేయలేదు.

గోడ దూకినంత పని చేసి చిన్నమ్మకు చెప్పాను. "చిన్నమ్మా, నత్త ఉన్నదో లేదో ఎవలకూ తెల్వదంట. దాని మీదనే ఇంత చట్టం నడుస్తున్నది."

ఆమె లేచి అలమారలోంచి దూది తీసి, తీగను వెలుతురుకు ఎత్తిపట్టి చూపించింది. మాట అక్కర్లేకపోయింది. తనది మాత్రం ఉంది.

మాట వచ్చాక మొదట ఆమె అడిగిందే, "ఇది రస్కులకు ఎట్ల వచ్చింది?" అని. ఎవరి తప్పు అని అడగలేదు. ఎట్లా వచ్చింది అని అడిగింది. నాకు కావలసింది మొదటిది, ఆమెకు రెండోది. రెంటికీ తొవ్వ ఒకటే కాబట్టి కలిసే బయలుదేరాం.

ముందు దుకాణానికి పోయాం. శంషాబాద్ బస్టాండు దగ్గర కిరాణం, విమానాశ్రయంలో పనికి పోయేవాళ్లంతా అక్కడే కొంటారు. కొట్టు నడిపే పెద్దమనిషిని మేం కాకా అని పిలుస్తాం. తీగ చూపించి, ఈ రస్కులు ఎవరిస్తారని అడిగాను.

"నాకేం తెల్వది బిడ్డా. శానా మంది ఇస్తరు. ఎవల్దని చెప్పాలె?"

"కాకా, తినే సరుకుల మీద కొత్త చట్టం వచ్చింది. సరుకు ఎవలు చేసిండ్రో, ఎవలిచ్చిండ్రో చెప్పలేకపోతే బాధ్యత అమ్మినోళ్లదే అంటది."

ఆయన తక్కెడ కింద పెట్టాడు. "అంటే నాదేనా?"

"చెప్పలేకపోతే."

కాకా గల్లాపెట్టె మూసి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. నిమిషం కింద ఏమీ తెలియనాయనకు ఇప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. వారానికి రెండుసార్లు ఒకాయన మోపెడ్ మీద రస్కుల మూటలు వేసుకుని వస్తాడు, ఆంధ్ర దిక్కు మనిషి, బాగా మర్యాదస్తుడు, పహాడీ షరీఫ్ పోయే తొవ్వలో షెడ్డు ఉన్నది, షెడ్డు ముందు నీళ్ల ట్యాంకు ఉంటది. "నేను చెప్పిన అని గూడ చెప్పు, ఏం భయంలే" అన్నాడు చివర్లో. ఒక చట్టం పని చేయడం నేను కళ్లారా చూడటం అదే మొదలు.

ఇంకో బందు రోజు చూసుకుని, చిన్నమ్మకు సెలవున్నప్పుడు పోయాం. బందుకు బస్సులు ఆగాయి గాని ఊళ్ల మధ్య షేర్ ఆటోలు తిరుగుతూనే ఉన్నాయి. పహాడీ షరీఫ్ దర్గాకు పోయే జనంతో ఇరుక్కుని కూర్చున్నాం. ఆటోలో పక్కన కూర్చున్న ముసలామెకు చిన్నమ్మ దారి పొడుగునా తన చిగురు కథ చెప్పింది.

నీళ్ల ట్యాంకు కనిపించకముందే వాసన తగిలింది. యాలకులు, కాలిన చక్కెర. రేకుల షెడ్డు. లోపల పొయ్యి దగ్గర ఒకతను, పొట్లాలు కట్టేచోట ఇద్దరు ఆడవాళ్లు. యజమాని లెక్కలు చూసుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, నుదుటి మీద పిండి మరక. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"రండమ్మా. ఆఫీసు నుంచి వచ్చారాండి?"

నా చేతిలో ఫైలు ఉంది. అందుకని నన్ను తనిఖీ అధికారి అనుకున్నాడు.

"మేము ఏ ఆఫీసోళ్లం కాదన్నా" అంది చిన్నమ్మ. "నీ రస్కు తిన్న. ఇది నా చిగురుల దిగింది." దూది విప్పి బల్ల మీద పెట్టింది.

అతని మొహం వెలవెలపోయింది. మొదట, మా సరుకు కాదేమోనండి అన్నాడు. కాకా పేరు చెప్పగానే అది మానేసి, మాకు కుర్చీలు వేయించాడు. డబ్బు మాటేదో ఎత్తబోయాడు.

"గది తర్వాత. ముందు రస్కు ఎట్ల చేస్తరో చూపియ్యి" అంది చిన్నమ్మ.

అతను తెల్లబోయి నా వైపు చూశాడు. నేను తలూపాను.

అట్లా మేం ఆ షెడ్డంతా తిరిగాం. పిండి కలపడం, బ్రెడ్డు కాల్చడం, అది చల్లారాక ముక్కలు కోసి మళ్లీ పొయ్యిలో ఎండబెట్టడం. రస్కు అంటే రెండుసార్లు కాల్చిన రొట్టె అని నాకూ అప్పటిదాకా తెలియదు. చిన్నమ్మ ప్రతి చోటా ఆగి అడిగింది. ఇది ఎందుకు ఇంత వేడి? ఆ రొట్టె మొన్నటిదా, ఇవాళ్టిదా? చల్లారకముందే కోస్తే ఏమైతది? అతను మొదట బెదురుతూ, తర్వాత ఇష్టంగా చెప్పసాగాడు. తన పని గురించి అన్ని ప్రశ్నలు ఎవరూ వేసి ఉండరు.

పిండి జల్లించే చోట అతను కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు. జల్లెడ తీగ చూపించాడు. వెంట్రుకలా సన్నగా ఉంది, మా తీగ దానికి రెండింతల లావు. జల్లెడ కింద అరచేయంత అయస్కాంతం దారంతో కట్టి ఉంది. దాని చుట్టూ నల్లటి రజను పట్టి ఉంది.

"పిండి మిల్లుల్లో యంత్రాలరిగి ఈ రజను రాలుతుందండి. బస్తాల్లో ఒక్కోసారి మేకు ముక్కలు కూడా వస్తాయి. అందుకని ఇది పెట్టాను. మీరే చెప్పండి, ఇంతకంటే ఏం చెయ్యమంటారు?"

ఆ అయస్కాంతం చూసి నాకు పట్టరాని కుతూహలం కలిగింది. తీసుకోదగ్గ జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకోగలిగితే తయారీదారు శిక్ష తప్పించుకోవచ్చని కొత్త చట్టంలో ఒక సెక్షను ఉంది. ఆ సెక్షను ఒక దారానికి వేలాడుతూ నా కళ్ల ముందే ఉన్నట్టనిపించింది. చిన్నమ్మ తరఫున వచ్చినదాన్ని, లోలోపల అతని తరఫు వాదన అల్లడం మొదలుపెట్టాను. మిల్లువాడిది తప్పు. లేదా మిల్లు యంత్రం చేసినవాడిది. ఈ గొలుసు ఎంత దూరం పోతుందో చూడాలనిపించింది.

అతను మా తీగ అడిగి తీసుకుని అయస్కాంతం దగ్గర పెట్టాడు. తీగ టక్కున ఎగిరి అతుక్కుంది.

"చూశారా, ఎలా పట్టుకుందో" అన్నాడు గర్వంగా.

ఆ మాట పూర్తయ్యాక అతను కదల్లేదు. అతుక్కున్న తీగనే చూస్తూ నిలబడ్డాడు. అతని మొహంలో గర్వం ఎట్లా దిగిపోయిందో నాకిప్పటికీ గుర్తుంది. కొంతసేపటికి, ఎవరితోనో అన్నట్టు మెల్లగా అన్నాడు.

"పిండిలో వచ్చుంటే ఇది ఇక్కడే ఆగిపోయేది."

నాకు వెంటనే అర్థం కాలేదు. చిన్నమ్మకూ కాలేదు.

"అంటే?" అని అడిగాను.

"అంటే పిండి తర్వాత వచ్చిందమ్మా. ఇక్కడే. మా దగ్గరే."

అతను షెడ్డు వెనక్కి నడిచాడు. మేమూ వెంట పోయాం. అక్కడ బ్రెడ్డు కాల్చే రేకు ట్రేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. పక్కనే గోడకు కొయ్య పిడి ఉన్న తీగల బ్రష్ ఆనించి ఉంది. ట్రేలకు మాడిన అడుగు రుద్దడానికి వాడేది. అతను దాన్ని తీసి బోర్లించి చూపించాడు. సగం తీగలు వంగిపోయాయి, ఒక మూల అసలు లేనే లేవు. మా తీగను దాని పక్కన పెట్టాడు. అంతే లావు, అదే వంపు.

పొట్లాలు కట్టేవాళ్లలో ఒకామె వచ్చి, "పాతదయిందని నేను చెప్పిన సార్, కొత్తది తెద్దాం అన్నరు" అంది. అతను అవునన్నట్టు తలూపాడు.

దాచాలనుకుంటే దాచగలిగేవాడు. మేం ఆ వెనక్కి పోయేవాళ్లమే కాదు. మిల్లు మీద నెట్టేస్తే నేను నమ్మేసి, అందంగా రాసుకుని వెళ్లిపోయేదాన్ని. తన అయస్కాంతం చెప్పిన మాట అతను వినకుండా ఉండలేకపోయాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా?" అని నన్నడిగాడు.

నాకు సెక్షన్లు తెలుసు. ఎవరి మీద ఏ సెక్షను పడుతుందో తెలుసు. ఆ మనిషి ఆ మధ్యాహ్నం ఏం చెయ్యాలో మాత్రం నా ఫైల్లో ఎక్కడా లేదు.

చిన్నమ్మే అంది, "ముందు గా బ్రష్ పారెయ్యన్నా. ఆ ట్రేలల్ల కాల్చిన రస్కులు ఎవలెవలికి ఇచ్చినవో, వాపసు తెచ్చుకో. మల్ల ఎవలి నోట్లనన్న దిగుతది."

అతను అక్కడే నిలబడి దుకాణాలకు ఫోన్లు చేశాడు. ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పడం విన్నాం. "మా పొట్లాలు అమ్మకండి, నేను వచ్చి తీసుకెళ్తాను. లేదండి, బూజు కాదు. ఇనుప ముక్కలున్నాయేమోనని అనుమానం. మా తప్పేనండి." ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు తగ్గించేవాడు. కాకాకు ఫోన్ చేసినప్పుడు అవతలి నుంచి కాకా గొంతు మాకూ వినిపించింది.

మందుల ఖర్చు, పోయిన రోజుల కూలి ఇస్తానన్నాడు. చిన్నమ్మ మొహమాటపడకుండా తీసుకుంది. బయలుదేరబోతుంటే, ఆ తీగ ముక్క తనకివ్వమని అడిగాడు. ట్రేలు కడిగే చోట గోడకు అంటిస్తానన్నాడు, పనివాళ్లకు కనబడాలని. చిన్నమ్మ ఇచ్చేసింది.

ఆటోలో వస్తూ నేను కేసు సంగతి ఎత్తాను. వినియోగదారుల ఫోరంలో వేద్దాం, దవాఖాన చీటీ ఉంది, రస్కులిచ్చిన అక్క సాక్ష్యం చెబుతుంది, అతనే ఒప్పుకున్నాడు. అన్నీ ఉన్నాయి అన్నాను.

"ఎందుకు?" అంది చిన్నమ్మ.

"ఎందుకేంది? నీకు దెబ్బ తగిలింది గదా."

"నా నోరు మానింది. ఖర్చు ఇచ్చిండు. బ్రష్ పారేసిండు. ఇగ కేసు ఎవల కోసం, నా కోసమా నీ కోసమా?"

అది నా కోసమే. ఒక కేసు లోపల ఎట్లా ఉంటుందో చూడాలని నాకు దాహంగా ఉండేది. చిన్నమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, "నీ పరీక్ష కోసం నన్ను కోర్టు మెట్లెక్కిస్తవా పిల్లా" అంది. తిట్టినట్టు కాదు, నవ్వుతూనే. అయినా చాలా దూరం దాకా నేను బయటికే చూస్తూ కూర్చున్నాను.

అసైన్‌మెంటు మాత్రం రాశాను. మొదటి సగం పుస్తకాల నుంచి, రెండో సగం ఆ షెడ్డు నుంచి. పేర్లు, ఊరు లేకుండా. వైవా రోజున సారు కాయితాలు తిప్పి, ఆ రెండో సగం దగ్గర ఆగాడు.

"ఈ తీగ ముక్క ఇప్పుడెక్కడుంది?"

"తయారీదారు దగ్గర సార్."

వెనక బెంచీలు గొల్లున నవ్వాయి. సారు కూడా నవ్వాపుకోలేకపోయాడు. "సాక్ష్యం తీసుకుపోయి ప్రతివాది చేతికిచ్చి వచ్చావా?"

"అడిగాడు సార్. మా చిన్నమ్మ ఇచ్చింది."

నవ్వులు తగ్గాక సారు మామూలుగా అడిగాడు. "ఆయన తనంతట తాను ఆ బ్రష్ తెచ్చి చూపించకపోతే, అది ఎట్లా వచ్చిందో మీరు రుజువు చేయగలిగేవాళ్లా?"

"లేదు సార్."

"ప్రతి తయారీదారూ తెచ్చి చూపిస్తాడా?"

"చూపించడు సార్."

"మరి లోపలేం జరుగుతుందో బయటివాళ్లకు తెలిసే వీలే లేనప్పుడు, రుజువు చేసే భారం ఎవరి మీద ఉండాలి? నువ్వు దీని గురించి ఒక్క పేజీ కూడా రాయలేదు."

నిజమే, రాయలేదు. మంచి మనిషి ఎదురైనందువల్ల నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. మార్కులు మధ్యరకంగా వచ్చాయి. ఆ పేజీ కోసం మాత్రం తర్వాత చాలా రోజులు లైబ్రరీలో కూర్చున్నాను, ఎవరూ అడగకపోయినా.

కోర్సు అయిపోయి, నల్లకోటు వేసుకున్న కొత్తలో నా మొదటి వినియోగదారుల కేసు వచ్చింది. చిన్నమ్మతో పనిచేసే ఇంకొకామెది. ఆమె కొన్న పాలపొడి డబ్బాలో పురుగులు, చంటిపిల్లకు వాంతులు. పెద్ద కంపెనీ సరుకు. ఉత్తరాలకు జవాబు లేదు. ఈ కంపెనీ గుమ్మం ముందుకు పోయి ఎట్లా చేస్తరో చూపియ్యి అనడానికి ఏ ఊళ్లో ఉందో కూడా సరిగా తెలియదు. ఈసారి ఫోరం తప్ప దారి లేదు.

ఆ రోజు ఆమెకు తోడుగా చిన్నమ్మ కూడా వచ్చింది. హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. నేను కాయితాలు సర్దుకుంటూ, పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. చివరికి పిలిచారు, అవతలి వకీలు గడువు అడిగాడు, కేసు వాయిదా పడింది. అంతా కలిపి అర నిమిషం. నేను ఉసూరుమంటూ వెనక్కి వచ్చేసరికి చిన్నమ్మ బెంచీ మీద ఒక ముసలాయనతో తలాడిస్తూ మాట్లాడుతోంది. బయట మెట్లు దిగుతూ చెప్పింది. ఆ ముసలాయనది ఫ్రిజ్ కేసు, గులాబీ చీరామెది కిరాయికి తీసుకున్న ఫంక్షన్ హాలు, కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లవాడిది రైలు టికెటు.

"నీదొక్కటే తెల్వలే" అంది. "నీది ఏమైంది?"